గెలవని వైద్యుడుగారికి మీ తాత ఓటు

"మామ్మా, మూడో ఆయన ఎలాగూ గెలవడంటున్నారు. ఆయనకేస్తే నా ఓటు గోదాట్లో పారేసినట్టేనా?"

అదా నీ బెంగ? ఇలా కూర్చో. అచ్చం ఈ మాటే మీ తాతతో ఊరంతా అంది. అప్పట్లో రాజమండ్రిలో ఓటంటే అందరికీ ఉండేది కాదు, ఇంటిపన్ను కట్టే మగాళ్లకే. మన చేపలవీధిలో మీ తాతకీ, ఇంకో నలుగురికో అయిదుగురికో ఉండేది. మనకి సొంత పడవుండేది గదా... అణాకి బుట్టెడు చేపలొచ్చే రోజుల్లో పెంకుటిల్లు కట్టాడు మీ తాత. సరే, నే చెప్పేది అది కాదు.

ఊళ్లో చెత్తబళ్లన్నీ తెచ్చి మన రేవులోనే పోసేవారు. ఆ నీళ్లే మనం తాగాలి. ఆ ఏడు వాంతులూ భేదులూ పట్టుకుని మా పెద్దది పోయింది. మీ నాన్నకి అక్క. అప్పుడప్పుడే జడ వేసుకోవడం నేర్చుకుంటోంది పిల్ల.

ఆ తరవాతే మునిసిపాలిటీ ఓట్లొచ్చాయి. ఇద్దరు పెద్దమనుషులు నిలబడ్డారు. కలప వర్తకుడుగారొకరు, రెండో ఆయన మునసబు... కాదు కాదు, ప్లీడరుగారు. ఇద్దరూ రేవు మాటెత్తలా. మూడో ఆయన సుబ్బయ్యగారని వైద్యుడు. మా పిల్ల మంచం పక్కనుంచి కదలకుండా కూర్చున్న మనిషి. రేవులో చెత్త పొయ్యకూడదని ఆయనొక్కడే అన్నాడు.

వర్తకుడుగారి కలప తెచ్చేది మన పడవే. ఆయనే ఇంటికొచ్చి, "వీరన్నా, ఓడిపోయేవాడికేసి ప్లీడర్ని గెలిపిస్తావా? తరవాత నీ పడవ సంగతి చూసుకో" అనేసి వెళ్లారు. "ఏం చేద్దామే?" అన్నాడు మీ తాత. "పిల్లే పోయింది, పని పోతే పోనీ" అన్నాను. అవును, నేనే అన్నాను!

అప్పుడు ఓటు చాటుగా కాదు నాయనా, అందరెదుటా పైకి చెప్పాలి. వర్తకుడుగారు ఎదురుగా కుర్చీ వేసుకుని చూస్తున్నారట. మీ తాత నిటారుగా నిలబడి "వైద్యుడుగారికండి" అన్నాట్ట. వెనకాల మన వీధివాళ్లందరిదీ అదే మాట.

ఓడిపోయారు వైద్యుడుగారు. ప్లీడరుగారు రెండు మూడోట్ల తేడాతో గెలిచి బయటపడ్డారు. మన పడవకి కలప ఆగిపోయింది. ధవళేశ్వరం అవతలికెళ్లి ఇసుక మోశాడు మీ తాత, భుజాలు కాయలు కాసేదాకా. ఒక్కనాడైనా "ఎందుకన్నానే" అన్లా.

మళ్లీ ఓట్లొచ్చేసరికి ప్లీడరుగారు నడుచుకుంటూ మన వీధిలోకొచ్చారు. "కిందటిసారి మీ ఓట్లు ఆ వర్తకుడికి పడుంటే నేనోడిపోయేవాణ్ణి. ఏం కావాలో చెప్పండి" అన్నారు.

"ముందు రేవులో బళ్లు ఆగాలండి. తరవాతే ఓటు" అన్నాడు మీ తాత.

ఆగాయి. మా పెద్దదానికి అందలా, అంతే... మీ నాన్నా, మీ బాబాయీ దక్కారు.

లే మరి, ఎండెక్కకముందే వెళ్లు. నీకు మంచివాడనిపించిన మనిషికే తలెత్తుకు ఓటెయ్యి. నీ కడుపున పుట్టినవాళ్లు మంచం పట్టకుండా పెరగాలి నాయనా, వెళ్లిరా.