లిఫ్టు బాబాయ్ ఎక్కించిన కొవ్వు

ఆస్పత్రి ఎదురుగా ఉన్న టీ కొట్టులో లిఫ్టు బాబాయ్ గ్లాసు పట్టుకున్నాడంటే ఇక ఆ పూట ఎవరి పనీ తెమలదు. ఆస్పత్రిలో లిఫ్టు నడిపేది ఆయనే. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరిగే మనిషికి కబుర్లకి కొదవేముంటుంది? లేకపోతే అప్పటికప్పుడు పుట్టిస్తాడు.

పక్క వీధి కుట్టు దుకాణంలో బట్ట కత్తిరించే కత్తెరక్కకి ఈయన కోతలంటే మహా సరదా. ఆవేళ మాత్రం ఈయన నోరు ఎవరైనా మూయిస్తే బాగుండుననిపించింది. ఎందుకంటే పక్కన కాజాల పిల్ల కూర్చుని ఉంది. పిల్లంటే మరీ పిల్లేం కాదు, ముప్ఫైకి దగ్గర పడింది, దుకాణంలో కాజాలు కుడుతుంది. పుట్టుకతోనే ఆమెకి ఒక రొమ్ము చిన్నది. ఇన్నేళ్ళూ బట్టల్లో దూది పెట్టి కుట్టుకుని నెట్టుకొచ్చింది. తన ఒంట్లో కొవ్వే కాస్త తీసి అక్కడ ఎక్కిస్తే ఇంచుమించు సమానమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇవాళ వెళ్ళి సరేనంటే రేపు చేస్తారు. ఈ సంగతి కత్తెరక్కకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

కత్తెరక్క సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఇద్దరు పిల్లలకి పాలిచ్చాక అద్దం చూడబుద్ధి కాక, కిందటేడు ఆమె కూడా అదే ఆపరేషన్ చేయించుకుంది. అత్తగారికి బాగాలేదు, ఊరెళ్తున్నానని దుకాణంలో చెప్పింది. ఈ వయసులో ఇదేం సోకమ్మా అంటారని భయం.

"మొన్న ఏమైందో తెలుసా?" అని బాబాయ్ అందుకున్నాడు. "కొవ్వు తీసి రొమ్ముకి ఎక్కిస్తారే, ఆ ఆపరేషన్. నాలుగో అంతస్తుకి గొట్టాల పెట్టె చేర్చమన్నారు, చేర్చాను. అంతే నేను చేసింది, ఉన్నమాటే చెప్పుకోవాలి."

కాజాల పిల్ల గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయింది.

"అంతేనా?" అన్నాడు మందుల షాపాయన, అంతే కాదని తెలిసే.

"అంతే అయితే నేనెందుకు చెబుతానయ్యా! తొడలోంచి కొవ్వు లాగారు. దాన్ని గిర్రున తిప్పే మిషనొకటుంటుంది, తిప్పితే నీరూ నెత్తురూ వేరై మంచి కొవ్వు తేలుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది! డాక్టరమ్మ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను, ఆ గొట్టాలు చేతి గుడ్డలో మూటగట్టి గాల్లో తిప్పడం మొదలెట్టానయ్యా, ఆ గాలికి కిటికీ తెరలు ఊడిపోయాయి, పక్క గదిలో ఆగిన ఫ్యాను తిరగడం మొదలెట్టింది, ఆ ఫ్యాను తిరిగిన ఊపుకి ఆస్పత్రి మొత్తం లైట్లు వెలిగాయి!"

"బిల్లు మీకే కట్టారా బాబాయ్?" అన్నాడు ఆటో అతను.

"నవ్వు, నవ్వు. ఆ తర్వాతే ఉంది అసలు కథ. చుక్క చుక్క చొప్పున ఎక్కించాలి. డాక్టరమ్మ చెయ్యి వణికింది. బాబాయ్, మీరే దిక్కన్నది. కళ్ళు మూసుకుని ఎక్కించాను, ఆడమనిషి కదా, మర్యాద! అంతా బాగానే ఉంది. కానీ నేను తిప్పిన కొవ్వు మామూలుదా? ప్రాణం లేచొచ్చిన కొవ్వు. పెరగడం మొదలెట్టింది!"

"పెరగడమా?" కాజాల పిల్ల గొంతు పీలగా వచ్చింది.

"పెరగడమంటే పెరగడమా తల్లీ! పొద్దుటికి మంచం చాల్లేదు, మధ్యాహ్నానికి గది చాల్లేదు, తలుపులు పీకాం, గోడ కొట్టాం, నా లిఫ్టులో ఎక్కిస్తే బరువెక్కువైందని గంట మోగుతూనే ఉంది. ఇప్పటికీ ఆవిడ మేడ మీదే ఉంది, వానొస్తే కింద నలుగురు తలదాచుకుంటున్నారు! నన్నడిగితే ఎవరూ చేయించుకోకూడదు. చేయించుకున్నవాళ్ళని నేను మైలు దూరం నుంచి పట్టేస్తాను. ఎంతెందుకు, రోజూ చూసే మన కత్తెరక్క చేయించుకుంటే నాకు తెలియకుండా పోతుందా?"

అందరూ పగలబడి నవ్వారు. కాజాల పిల్ల నవ్వలేదు. ఫోను తీసి, "నాకొద్దక్కా, వద్దని చెప్పేస్తాను," అంది గుసగుసగా. నంబరు నొక్కడం మొదలెట్టింది.

కత్తెరక్క ఆ ఫోను వైపు చూసింది. నోరు మూసుకుంటే తన గుట్టు భద్రం. తెరిస్తే సాయంత్రానికల్లా వీధంతా పాకుతుంది. ఈ పిల్ల మాత్రం దూది కుట్టుకుంటూనే బతుకు వెళ్ళదీస్తుంది. పాడు గుట్టు, ఎవరిక్కావాలి!

"బాబాయ్, ఆ ఆపరేషన్ గది నాలుగో అంతస్తులో లేదు," అంది.

"మరెక్కడుందేంటి?"

"కిందే. రక్తపరీక్షల గది దాటగానే ఎడంచేతి పక్క. నడుచుకుంటూ వెళ్ళి నడుచుకుంటూ వచ్చేయడమే. నీ లిఫ్టుతో పనే లేదు."

మందుల షాపాయనకి టీ పొలమారింది.

"అదంతా నీకెలా తెలుసమ్మా?" అన్నాడు బాబాయ్ మీసం సవరించుకుంటూ.

"నాకు చేశారు గనక."

ఆటో అతను నేల చూపులు చూశాడు. బాబాయ్ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. జీవితంలో మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు. కత్తెరక్కకి చెవులు వేడెక్కాయి, అయినా పిల్ల వైపే తిరిగి చెప్పింది.

"పెరగదే, పిచ్చిదానా. ఎక్కించినదాంట్లో కొంత ఒంట్లోనే కరిగిపోతుంది కూడా. కొన్నాళ్ళు తొడలు కమిలి, కూర్చోవాలంటే ఏడుపొస్తుంది. నాకొచ్చింది. ఏడ్చాను. తగ్గిపోయింది."

కాజాల పిల్ల ఆమెని ఎగాదిగా చూసింది. "ఏడాదిగా నీ పక్కనే కూర్చుని కుడుతున్నాను. నాకే తెలియలేదే అక్కా!"

"తెలియకూడదనే కదే ఊరెళ్తున్నానని చెప్పింది."

"మరి ఇప్పుడు అందరికీ తెలిసిపోయిందిగా?"

కత్తెరక్క చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒకసారి చూసింది. పిల్ల చేతిలో ఫోను లాక్కుని తన సంచిలో పడేసుకుంది.

"తెలిస్తే తెలిసింది. లే, డాక్టరమ్మ వెళ్ళిపోతుంది."