అట్టకంటిన సర్టిఫికెట్టు

బెజవాడ కోర్టు ఎదుట, నోటరీ ప్లీడరు బల్ల మీద ఒక నర్సు తన సర్టిఫికెట్టును అద్దాల ఫ్రేముతో సహా పెట్టింది.

"కువైట్ ఉద్యోగానికండీ. ముద్ర వెయ్యండి."

"పటం కట్టించిందెవరమ్మా?"

"మా నాన్నండీ. ఏసుప్రభువు పక్కనే తగిలించాడు."

ప్లీడరు ఫ్రేము విప్పి చూశాడు. "ముద్ర కాగితం వెనకాల పడాలి. మైదా జిగురు పెట్టి అట్టకి అంటించేశాడే."

"ముద్ర లేకపోతే?"

"నువ్వు నర్సువంటే అక్కడెవడూ నమ్మడు."

"ఇక్కడ రోగులు నమ్మారుగా. కాగితానికున్న పరువు మనిషికి లేదన్నమాట."

"ప్రభుత్వాలంతేనమ్మా. పీకితే చిరుగుతుంది, ఏం చేస్తావ్?"

"పుండుకంటిన కట్టు రోజూ ఊడదీసేదాన్నండీ. గోరువెచ్చని నీళ్ళూ, దూదీ ఇప్పించండి. అట్టని మాత్రమే తడుపుతాను."

కాసేపటికి కాగితం అట్టని వదిలింది.

"సంతకం కూడా చెదరలేదే!"

"ఇప్పుడు వేస్తారా?"

"ఆరనివ్వు తల్లీ. నువ్వు నర్సువని నమ్మడానికి నాకు నీ చేతిపని చాలు. కువైట్‌కే ముద్ర కావాలి."