సముద్రం రైలును దాటిన కారు

కొసెరిచ్ ఊళ్ళో అక్టోబరు నెలలో రకియా సారా కాచేటప్పుడు బట్టీ దగ్గరనుంచి ఎవరూ లేచి వెళ్ళరు. పులిసిన ప్లమ్ పళ్ళ గుజ్జు రాగి కాగులో ఉడుకుతుంటే కింద మంట పెరగకూడదు, తగ్గకూడదు; గొట్టం చివర సారా చుక్క చుక్కగా రాలుతుంటే ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. నిజానికి చూడ్డానికి ఒక్కడు చాలు. కానీ ఒక్కణ్ణే కూర్చోబెడితే తాగేస్తాడేమోనని పక్కన రెండోవాడు, రెండోవాడు మాత్రం తక్కువ తిన్నాడా అని మూడోవాడు. అలా పొద్దున కాపలాగా మొదలైంది మధ్యాహ్నానికి సభ అవుతుంది. అబద్ధమాడినా పాపం అంటని చోటు ఈ లోకంలో ఎక్కడైనా ఉందంటే అది ఆ బట్టీ చుట్టూ వేసిన దుంగల మీదే.

ఆ రోజు కాగు మిలిసావ్‌ది, పళ్ళు విదోసావా వాళ్ళ అక్కవి. అక్కకి మోకాళ్ళ నొప్పులు. అందుకని కాపలాకి విదోసావా వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు సముద్రం ఒడ్డున బార్ రేవులో కాపురం చేసి, మొగుడు పోయిన మూడేళ్ళకి అక్కను చూడ్డానికి వచ్చిన మనిషి. ఆదివారం మళ్ళీ వెళ్ళిపోతుంది. తిహోమిర్ ఈ బట్టీ దగ్గరే ఉంటాడని తెలిసే వచ్చింది. అతన్ని ఒక్క మాట అడగాలి.

ముప్ఫై మూడేళ్ళ కిందట, ఒక ఆదివారం, ఆమె అతనితో చెప్పింది. "మా నాన్న బార్‌లో సంబంధం కుదిర్చాడు. గురువారం పది గంటల రైలుకి నన్ను పంపిస్తున్నారు. నేను నీకు కావాలనుకుంటే, బార్ చేరేలోగా నువ్వు ఏ స్టేషనులో కనిపించినా సరే, దిగిపోతాను." అతను నవ్వి, "నీ రైలుకంటే ముందు నేను సముద్రం దగ్గరుంటా, చూడు" అన్నాడు. రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె వచ్చి దుంగ మీద కూర్చోగానే తిహోమిర్ టోపీ తీసి పలకరించాడు, వెంటనే మళ్ళీ పెట్టుకున్నాడు. జుట్టు లేదు. ఆ తర్వాత అతని గొంతు ఒక మెట్టు పెరిగింది.

"అసలు నేను చేసింది పెద్ద గొప్పేమీ కాదు" అని మొదలుపెట్టాడు. "ఇబార్ ఏటి పక్క రోడ్డులో ఒక విదేశీ లారీ లోయలో పడిందా, దాని టర్బో నా చేతికి చిక్కింది. గుమ్మడికాయంత. పొగ పోయే దారిలో ఒక పంకా, ఆ పొగకి అది తిరిగి ఇంజను గొంతులోకి గాలి కుక్కుతుంది, అంతే. మన కారేమో పదేళ్ళ పాతది, ఎత్తు ఎక్కాలంటే దిగి బతిమాలుకోవాలి. ఇంజనులో ఒక్క బోల్టు మార్చలేదు, ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అలాగే ఉంది, దానికి టర్బో బిగించాను."

"పదకొండు వందల సీసీ ఇంజనుకి లారీ టర్బోనా?" అన్నాడు ఒబ్రాద్. బస్సుల డిపోలో ముప్ఫయ్యేళ్ళు మెకానిక్కు. "చీమకి ఏనుగు తొండం అతికించావన్నమాట."

"అతికించాక అది చీమ ఎలా అవుతుందిరా? విను. అంత గాలి కుక్కితే లోపల పిస్టన్లు తట్టుకోవు, పేలిపోతాయి. హెడ్డు కింద మందపాటి రాగి రేకు వేసి కొంచెం చోటు ఇవ్వాలి. ఈ ఊళ్ళో మందపాటి రాగి ఎక్కడుంది?" చూపుడువేలు కాగు వైపు తిప్పాడు. దాని పొట్ట మీద అరచేయంత అతుకు.

మిలిసావ్ లేచి నిలబడ్డాడు. "కాగుకి కన్నం పెట్టినవాణ్ణి నరుకుతానని మా నాన్న ఊరంతా తిరిగాడు, బాబాయ్!"

"నరకలేదు కదా. మంచి మనిషి. ఆయన ఆత్మకు శాంతి కలగాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గురువారం పొద్దున స్టార్ట్ చేశాను. పక్కింటి స్తనియా ఆరేసిన దుప్పట్లు తీగ మీదనుంచి లేచి కారు వైపు ఎగిరొచ్చాయి. అదీ పీల్పు అంటే. ఊరు దాటుతుంటే రెండు వైపులా చెట్ల మీది ప్లమ్ పళ్ళు కొమ్మ వదిలి బిలబిలా ఇంజనులోకి. వెనక సైలెన్సర్‌లోంచి ఏమొచ్చిందనుకున్నావు? రకియా! యాభై డిగ్రీల ఘాటుది! మర్నాడు రోడ్డుమీద ఆవులు తూలాయి, కావాలంటే ఎవరినైనా అడుగు."

"మా ఆవు ఆ గురువారమనే కాదు, ఎప్పుడూ తూలేదే" అన్నాడు ఒబ్రాద్.

విదోసావా నవ్వలేదు. గురువారం అన్న మాట విన్నప్పుడే చేతిలో చిన్న గ్లాసు కింద పెట్టేసింది. తను ఏ రోజు గురించి అడగాలని వచ్చిందో అతను ఆ రోజు గురించే చెబుతున్నాడు, అడక్కుండానే. చెబుతున్నంతసేపూ ఒబ్రాద్‌ని చూశాడు, మంటను చూశాడు, ఆమె వైపు మాత్రం చూడలేదు.

"పొజెగా దాటేసరికి కారు శబ్దం కారుకంటే వెనకబడిపోయింది. నేను ముందు, నా హారను ఎక్కడో రెండు ఊళ్ళ వెనక. జనం ముందు నన్ను చూసి, నేను పోయాక హారను విని, పక్కకు తప్పుకునేవారు. పోలీసువాడు ఆపమని చెయ్యెత్తాడు. వాడి చెయ్యి పైకి లేచేలోగా నేను పక్క జిల్లాలో ఉన్నాను. నా నీడ అయితే ఉజిత్సా దగ్గరే మానుకుంది, నావల్ల కాదు నువ్వు పో అని. ఆ తర్వాత..." ఇక్కడ గొంతు కొంచెం సన్నగిల్లింది. "ఆ తర్వాత రైలు కనిపించింది. సముద్రం రైలు, బార్ పోయేది. లోయ అవతల, వంతెన మీద. కిటికీ దగ్గర నీలం కోటు వేసుకున్న అమ్మాయి. రోడ్డు వైపే చూస్తోంది."

గొట్టంలోంచి రకియా చుక్కలు పడుతున్న చప్పుడు.

"మరి ఆపొద్దా, బాబాయ్?" అన్నాడు మిలిసావ్.

"ఆపుదామనే బ్రేకు తొక్కాను! ఇంజనుకి టర్బో పెట్టానుగాని బ్రేకులు పాతవే కదా! ఆగితేనా? రైలును దాటేశాను, దాని ముందు సొరంగం దాటేశాను, బార్ దాటేశాను, రేవు గట్టు దాటేశాను, సముద్రం మీద రాయిలా గెంతుకుంటూ పోతే ఎదురుగా ఇటలీ. అక్కడ చర్చి గడియారం చూస్తే, ఒరేయ్, తొమ్మిదీ యాభై! ఇక్కడ నేను బయల్దేరిందే పదింటికి! ఇంకా బయల్దేరనివాడు ఆ అమ్మాయిని ఎలా దింపుతాడు, చెప్పు? వెనక్కి తిప్పుకుని బార్ వచ్చేసరికి రైలు ఖాళీ. అందరూ దిగి వెళ్ళిపోయారు. రాకపోవడం కాదు. మరీ ముందుగా వచ్చాను. అదీ జరిగింది."

ఒబ్రాద్ తొడ చరిచి నవ్వాడు. మిలిసావ్ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

"నీలం కోటు కాదు" అంది విదోసావా.

నవ్వులు ఆగిపోయాయి.

"నీలం కోటు బయల్దేరేముందు అక్కకి ఇచ్చేశాను. గోధుమరంగుది వేసుకున్నాను, కొత్తది. ఇక్కడనుంచి బార్ దాకా రైలు కదిలినంతసేపూ కిటికీ దగ్గరే కూర్చున్నాను, తిహో. రోడ్డు కనిపించిన ప్రతిచోటా చూశాను. ఏ కారూ రాలేదు."

తిహోమిర్ టోపీ తీశాడు. ఈసారి మళ్ళీ పెట్టుకోలేదు. మంటలో ఒక కట్టె సరిచేశాడు, అది అప్పటికే సరిగానే ఉంది.

"నాలుగో కిలోమీటరు" అన్నాడు. "మొదటి ఎత్తు దగ్గర. రెండు పిస్టన్లకి చిల్లులు పడ్డాయి."

"రాగి రేకు వేశానన్నావు" అంది విదోసావా.

"వెయ్యలేదు. టైము లేదు. మూడురోజులే ఇచ్చావు, విదా."

మిలిసావ్ నోరు తెరిచాడు, కాగు మీది అతుకు సంగతి అడగబోయి. ఒబ్రాద్ అతని కాలు తొక్కాడు.

"మన ఊరి స్టేషను మీ ఇంటికి పది నిమిషాల నడక" అంది ఆమె. "నడిచి రావచ్చుగా?"

"వచ్చి? అందరి ముందూ నీ సంచీ మోసుకుంటూ ఇంటికి నడిపించుకెళ్ళాలా? సముద్రం దగ్గర కలుస్తానన్నాను కదా. నోరు జారాక..." ఆగాడు. "రైలేమో ఎక్స్‌ప్రెస్. కొత్త లైను, బాణంలా పోతుందని పేపర్లో రాశారు. ఎత్తు ఎక్కలేని ఆ డొక్కు కారుతో దాన్ని ఎలా అందుకుంటాను?"

విదోసావా ఒడిలో చేతులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంది.

"ఒంటి పట్టాల దారి అది" అంది. "ఎదురుబండికి దారి ఇవ్వాలి. ప్రియెపోల్యె స్టేషనులో గంటా నలభై నిమిషాలు ఆపేశారు. నీ కారును ముట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్టు తెచ్చినా, మధ్యలో రెండుసార్లు ఆగి ఇంజనుకి నీళ్ళు పోసినా, రైలు అందేది."

తిహోమిర్ తల ఎత్తి మొదటిసారి ఆమెను చూశాడు.

"నేను అక్కడ సంచీతో సహా దిగాను, తిహో. రోడ్డు కనిపించే వైపు బెంచీ ఉంటే అక్కడ కూర్చున్నాను. గార్డు రెండుసార్లు పిలిచాడు. రెండోసారికి ఎక్కాను."