మూతికి కట్టిన తీగ

నాచారం పారిశ్రామికవాడలో మూతబడిన షెడ్డు అది. అందులో కుక్కపిల్లల్ని పుట్టించి అమ్ముతున్నారని తెలిసి, జంతువుల్ని కాపాడే సంస్థలో పనిచేసే ఆమె పోలీసులకు ఫోన్ చేసింది గానీ, వాళ్లు వచ్చేదాకా ఆగలేకపోయింది. వరసగా ఉన్న బోన్లలో మొదటిదానిలో బక్కచిక్కిన పొమరేనియన్ తల్లికుక్క ఉంది. మూతికి ఇనుపతీగ చుట్టి ఉంది. షెడ్డు యజమాని రాడ్డు పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"బోను ముట్టకు మేడం. చెయ్యి ఇరగ్గొడ్త."

"దీని కడుపు కోసిందెవరు? ఈ కుట్లు డాక్టరు వేసినవి కావు."

"నేనే కోసిన. పిల్లలు అడ్డం తిరిగినయ్. ఉప్పల్ దాకా దవాఖానకు ఎవడు తీస్కపోతడు?"

"మత్తు ఇచ్చావా?"

"మూతి కట్టిన గద."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని బోను తలుపు లాగింది. రాడ్డు ఎడమ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. అయినా కుడిచేత్తో తీగ విప్పింది. విప్పగానే కుక్క ఆ చేతినే కరిచి పట్టుకుంది.

"సూసినవా? గందుకే కట్టిన. జర పక్కకు జరుగు, దాని తల పగలగొడ్త."

"కొట్టకు. కరవనీ."

"నెత్తురు కారుతుంది మేడం. పిచ్చా నీకు?"

"చెయ్యంటే కొట్టేదనే తెలుసు దానికి. కరవనీ."

రాడ్డు మళ్లీ లేచింది. ఆమె కుక్క మీదికి వంగిపోయింది. దెబ్బ వీపు మీద పడింది. మూడో దెబ్బ పడలేదు. కాసేపటికి అతని గొంతు తగ్గింది.

"లే మేడం. అది నీ చెయ్యి ఎప్పుడో ఇడిసిపెట్టింది."

"తెలుసు. నేనే దాన్ని వదల్లేదు."

పోలీసులు లోపలికి వచ్చేసరికి రాడ్డు నేల మీద ఉంది. ఆమె కుక్కను కుడిచేత్తో గుండెకు హత్తుకుని, మిగతా బోన్ల వైపు నడుస్తోంది.