సప్పుడు జేసే బోర్డు

పొద్దుగాల పదకొండయ్యింది. ముసురువట్టి సన్నగ కురుస్తున్నది. కూసో దీపా, పిల్లను నాకియ్యి. మిషిని సప్పుడుకు పండుతలేదంటవు, గంతేనా? నువ్వు బుగ్గారంల పుట్టినవు, నీకు కొత్త. మా సిరిసిల్ల పిల్లలు మర మగ్గాలు, గదే మా సాంచెలు, నడిస్తెనే పండేటోళ్లు. కరెంటు పోయి సాంచెలు ఆగినయంటె గల్లీలున్న పిల్లలంత ఒక్కపారే ఏడ్సేది. ఇది గూడ నేర్సుకుంటది. మిషినికి సప్పుడు లేని బోర్డు వెట్టుమని నా కొడుకు సంజీవ్‌ను అడిగినవట. దొరుకుతది, నాకెరుకే. మిషిని జేసినప్పుడే వద్దన్నడు మీ పెదమామ, లక్ష్మీరాజం బావ. నువ్వాయనను సూడలే. ఫోటోల చెవు కాడ చెయ్యివెట్టుకొని ఉంటడు గదా, ఆయననే. ఫోటో తీసేటాయన ఏమంటున్నడో ఇనవడక గట్ల నిలవడ్డడు.

లక్ష్మీరాజం బావ ముప్పై ఏండ్లు సాంచెలు నడిపిండు. పదేండ్లు భీవండిల, మిగిలినయి ఈడ. చెవులు సాంచెల కిందనే పోయినయి. ఏడేండ్ల కింద బట్టకు గిరాకి లేక మన సాంచెలన్ని బందువడ్డయి. మీ మామ దుబాయి పోయి అప్పటికి నాలుగేండ్లు, ఒక్కపారన్న రాలే. సంజీవ్‌కు గూడ షార్జా వీసా అచ్చింది. దసర ఎల్లంగనే పోవుడు. నేను ఏరిన బియ్యమే మళ్ల ఏరుకుంట కూసున్న. బావ నా దిక్కు సూసిండు. పొల్లగాడు పోడు, తలుపుల మీద బొమ్మలు చెక్కే మిషిని జేస్తం అన్నడు. కోరుట్లల తలుపులు జేసే వడ్ల ఎల్లన్న, ఒక ఏనుగును చెక్కి సూపెట్టుండ్రి, నచ్చితె మా తలుపుల పనంత మీకే అన్నడట. ఏనుగు మంచిగస్తె వాడు ఇంట్ల ఉంటడు. లేకుంటె ఇమానం ఎక్కుతడు.

మిషిని సట్టం, గదే ఇనుప చట్రం, పాత సాంచెదే. మోటర్లు కొన్నరు. ఇగ మోటర్లకు ఎటు తిరుగాల్నో చెప్పే బోర్డు గావాలె. జగిత్యాలల ఇన్వర్టర్లు బాగుజేసే వీరేందర్ మూడు తీర్లయి పట్టుకచ్చిండు. ఒకటి అద్దమున్న పెట్టె. చేతిల వట్టుకొని వత్తుడే, కంప్యూటరే వద్దట. బావ దాన్ని తిప్పి తిప్పి సూసి, మనింట్ల టీవీ రిమోటు ఆర్నెల్లకు బియ్యం డబ్బల దొరికింది, ఇది యాడ దొరుకాలె అని పక్కకు వెట్టిండు. మిగిలినయి అరచేతంత బోర్డులు రెండు. పాతది వెడితె మోటర్లు కీసుమని ఒర్రుతయి. కొత్తది వెడితె తిరుగుతున్నదా లేదా తెల్వది, గంత నిమ్మళం. కొత్తదే తీస్కోండ్రని వీరేందర్ ఒక్కతీరుగ పోరు. బావ మోటరు మీద చెయ్యివెట్టిండు. పండ్లు ఆనిచ్చిండు. ఆఖరుకు బోర్లవండి నెత్తి ఆనిచ్చిండు. ఏం తెలుస్తలేదు, ఇది సచ్చిందన్నడు. సప్పుడు చెయ్యకపోవుడే దాని గొప్ప కాకా అని వీరేందర్ మొత్తుకుంటండు. బావ లేసి కూసున్నడు.

“మీ ఇంటామె రెండు దినాలు సప్పుడు జెయ్యకుంటె అంత మంచిగున్నట్టేనారా?”

వీరేందర్ పాతదే బిగిచ్చిండు. నడుపంగనే పక్కింటి మల్లక్క, మేకను కోస్తుండ్రనుకొని గిన్నె వట్టుకొని అచ్చింది. మేక లేదంటె నమ్మలే. శానసేపు కూసున్నది.

ఇగ కోరుట్లకు పోవుడు. దివాకర్ ట్రాలీ ఆటోల మిషిని ఎక్కిచ్చుకొని బావ, సంజీవ్, వీరేందర్ పోయిండ్రు. ఇట్లనే ముసురు. నేను ఈడనే ఉన్న, ఆడి సంగతి వీరేందర్ నోట ఇన్నదే. ఎల్లన్న దుకాణంల మిషిని ఏనుగు కాళ్లు చెక్కింది, పొట్ట చెక్కింది. బావ బల్ల కాలుకు పాదం ఆనిచ్చి చాయ్ తాగుతండు. చెవులు పోయినయి గని పాదాలు పోలే ఆయనకు. సంజీవ్ సాంచెల నడుమ పెరిగినోడాయె. సాంచె నడుస్తుండంగనే తెగిన పోగు అతుకుడు మనకలవాటు. గా లెక్కనే, నడిచే మిషిన్ల చెయ్యివెట్టి చెక్కపొట్టు ఊడుస్తున్నడు. ఆటో కుదుపులకు ఒక మోటరు వైరు వదులైందట. కత్తి పైకి లేవాల్సిన కాడ లేవలే. సక్కగ వాని చెయ్యి దిక్కే అచ్చింది. అన్ని మోటర్లు ఒర్రుతుంటె, ఒకటి ఊకున్నది ఎవలకు తెలుస్తది? బావ చాయ్ గిలాస ఇడిసివెట్టి, కాలుతోని కరెంటు వైరును ఒక్క గుంజు గుంజిండట. కత్తి రెండు వేళ్ల దూరంల ఆగిందట.

ఏనుగుకు తొండమే లేదు. ఎల్లన్న అటు తిప్పి ఇటు తిప్పి, బర్రె మంచిగచ్చిందన్నడట. తర్వాత, మిషిని సంగతి నాకు తెల్వది గని గీ ముసలాయన పక్కన కూసుంటడంటె పని ఇస్త అన్నడట. నువ్వు తువ్వాల తగిలిచ్చే చెక్క ఉన్నది సూడు, గదే ఆ ఏనుగు. వీసా కాయిదం అల్మారలనే పాతవడ్డది. మీ మామ మరుసటేడు మళ్లచ్చిండు. బావ ఒక్క ఏడే కూసున్నడు మిషిని పక్కన, పోయి ఆరేండ్లాయె. ఇప్పుడు సంజీవ్ పక్కన ఎవలు లేరు. సప్పుడే ఉన్నది. కూరకు పోపు వెట్టుకుంట గూడ నేను ఇనుకుంటనే ఉంట.

పిల్ల పండింది సూడు. మెల్లగ మాట్లాడు.

గా దినం పొద్దూకంగ ఆటో అచ్చి ఆగింది. నేను గడపల నిలవడ్డ. దివాకర్ దిగిండు, ఒకటి. వీరేందర్ దిగిండు, రెండు. వాడు దిగుడుతోనే ఆడ జరిగిందంత కక్కిండు. బావ చెప్పులు చేతిలవట్టుకొని దిగిండు, మూడు. సంజీవ్ జేబులల్ల చేతులు వెట్టుకొని నిలవడ్డడు. తీయుమన్న. తీసిండు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. గా చెయ్యి గూడ అన్న. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. పది.