వంగిన గరిటె

బర్మాలోని మాండలేలో వార్డు ఆఫీసు మీద బాంబు పడిన మర్నాడు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళిద్దరు గడప మీద కూర్చున్నారు.

“రోజూ సాయంత్రం మిలట్రీ దెయ్యం పోవాలని మోగించే గిన్నెలు, నిన్న బాంబు పేలగానే వీధంతా మోగించాం కదక్కా, దెయ్యం వదిలిందని.”

“మోగించమూ? మన పిల్లల్ని మిలట్రీకి పట్టించిన ఆ వార్డు ఆఫీసరు చచ్చాడని!”

“వాడు చావలేదు. టీ తాగడానికి బయటికెళ్ళాడట.”

“మరి ఆఫీసులో దొరికిన ఆ శవం ఎవరిదే?”

“మా చెల్లిది. ఇప్పుడే గుర్తుపట్టి వస్తున్నా. రాత్రికి ఇంట్లో చుట్టం పడుకుంటే ముందే వార్డు ఆఫీసులో పేరు రాయించాలిగా, నేనే పంపాను.”

“అయ్యో తల్లీ! ఇవాళ ఎవర్నీ మోగించొద్దని చెప్పొస్తానుండు.”

“వద్దక్కా. సాయంత్రం మా ఇల్లు మోగకపోతే వాడి మనుషులమనుకుంటారు. నీ గరిటె ఒకటివ్వు. నిన్న సంబరంలో బాది బాది నాది వంగిపోయింది.”