ఎదురొచ్చిన మెల్లకన్ను

ఈ రొయ్యలు ఎండిందాకా ఒక కథ చెప్తా వినండి. నాగూరమ్మ అని ఒకామె ఉండేదంట, సముద్రం ఒడ్డు పల్లెలో. మొగుడు చేపల వేటకి పోయి మళ్ళీ రాలా. అప్పటికి కొడుకు జాలయ్య నిక్కర్లేసుకునే వయసు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి వాణ్ణి పెంచింది, పెళ్ళి చేసింది. అన్నీ చేసింది గానీ, పొద్దున్నే పడవలు నీళ్ళలోకి తోసేటప్పుడు మాత్రం ఆమె ఒడ్డుకి పోగూడదు. మొగుడు లేని ఆడది ఎదురొస్తే వల ఖాళీ అని మనోళ్ళకి ఒక పట్టింపు ఉంది గదా. ఇప్పుడు లేదంటారా? ఉందిలే, నాకు చెప్పమాకండి. పడవలు అలలు దాటిందాకా ఆమె తాటాకు దడి వెనకాల నిలబడేది. ఎవురూ పొమ్మనలా, ఆమే నిలబడేది. పొమ్మనిపించుకోటం కంటే ఇదే మేలు అనుకునేదంట, పాపం.

ఇట్టా ఉంటే జాలయ్యకి కూతురు పుట్టింది. భవాని అని పేరు పెట్టారు. బిడ్డ ముద్దుగా బొద్దుగా ఉంది గానీ, కుడికన్ను ముక్కు వైపుకి లాక్కుపోయేది. పసిబిడ్డలకి మొదట్లో చూపు అటూ ఇటూ పోతదిలే, అదే నిలబడతది అనుకున్నారు. బిడ్డ బోర్లా పడింది, పాకింది, నడిచింది, చూపు మాత్రం నిలబడలా. ఊళ్ళోవాళ్ళేమన్నారు? మెల్లకన్ను పిల్ల, ఇల్లు కలిసొస్తది పో అన్నారు. సరే, ఒకరోజు ఏమైందంటే, పిల్ల నాయనమ్మ చంకలోంచి జారి ఒడ్డుకి ఉరికింది. దాన్ని పట్టుకోటానికి నాగూరమ్మ కూడా దడి దాటి ఉరికింది, ఉరికి ఉరికి సరిగ్గా బంగారయ్య పడవకి ఎదురు పడింది. పడవ తోసేవాళ్ళ మొహాలు మాడిపోయినయ్. ఆ పిల్లేమో వంకర చూపుతో బంగారయ్యని చూసి కిలకిలా నవ్విందంట. ఇంకేం చేస్తారు, పోనీలే అని పోయారు. సాయంత్రం చూస్తే వల పట్టలేదనుకో, అన్ని కానాగంత చేపలు. తెల్లారేసరికి బంగారయ్యే ఇంటి ముందరకొచ్చి, నాగూరక్కా, పిల్లనెత్తుకుని ఒక్కసారి ఎదురు రా అన్నాడంట.

ఇంక చూడు నా సామిరంగా. కొత్త వల తడపాలంటే నాగూరమ్మ రావాల, గేదెని తోలుకొస్తే నాగూరమ్మ రావాల, కొట్టు తెరిస్తే నాగూరమ్మ రావాల. రోజూ తలంటుకుని, ఉతికిన కోక కట్టుకుని, పిల్లని చంకనేసుకుని, సర్పంచి నడిచినట్టు నడిచేదంట. పిలిచింది పిల్లనే అని ఆమెకి తెలుసు. తెలిసినా ఆ చంకలో బిడ్డ ఉన్నంతసేపు తననీ మనిషిలెక్కన చూస్తన్నారు గదా. అది చాలు ఆమెకి. మనకైనా అంతే, కాదా?

కోడలు యశోద మాత్రం కన్నతల్లి గదా, ఆమె చూపంతా బిడ్డ మీదనే. రొట్టెముక్క చూపిస్తే పిల్ల చెయ్యి పక్కకి పోయేది. రోజూ దాటే గడపే, రోజూ తట్టుకుని పడేది. అంగన్‌వాడీ టీచరు, పెద్దూరికి కళ్ళ డాక్టరమ్మ వస్తంది, ఒకసారి చూపించు అనింది. యశోద అత్తకి చెప్పకుండా పోయి చూపించింది. ఆ డాక్టరమ్మ లైటేసి చూసి, అటు చూపించి ఇటు చూపించి, చూడమ్మా, రెండు కళ్ళూ ఒక చోట చూస్తేనే మెదడుకి ఒక బొమ్మ అందుతుంది, ఈ పాపకి కంటికో బొమ్మ పోతుంటే మెదడు కుడికన్ను మాట వినటం మానేసింది, ఎడమకన్ను కొన్ని గంటలు మూసి ఉంచితే కుడికన్ను పని నేర్చుకుంటుంది, తర్వాత చిన్న ఆపరేషన్ చేసి కన్ను నిలబెడదాం, పెద్దయ్యాక వస్తే కన్ను నిలబెట్టగలం గానీ చూపు తెప్పించటం కష్టం, అనిందంట.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పేసరికి నాగూరమ్మ గంప కిందేసింది. దేవుడిచ్చిన కన్ను దిద్దటానికి ఆ డాక్టరమ్మ ఎవురే? అత్తా, దేవుడు రెండిచ్చాడు, ఒకటి పోతంది అనింది యశోద. ఏం పోలా, నీ నోరు మూసుకో. పైకి దేవుడి పేరు చెప్పింది గానీ ఆమె కడుపులో మాట వేరే, ఈ కన్ను సరైతే నా మొహం మళ్ళీ ఎవురు చూస్తారు, మళ్ళీ ఆ దడి వెనక్కి పోవాలా అని. ఆ మాట ఎవురికి చెప్పుకుంటది? జాలయ్య సంగతి అడగమాకండి. తల్లికీ పెళ్ళానికీ మధ్యన అడకత్తెరలో పోకచెక్క. తెగని వల కూడా తెంపి కుట్టుకుంటా కూర్చున్నాడంట.

అప్పుడు నాగూరమ్మ, మీ డాక్టరమ్మ సంగతి ఇప్పుడే తేలుస్తా చూడు అని లేచింది. పిల్లని వాకిట్లో నిలబెట్టి, మంచి కన్నుకి గుడ్డ కట్టింది. ఇరుగూ పొరుగూ చేరారు. మనకి తమాషా అంటే ఇల్లు కాలినా వస్తాం గదా. తాను పోయి అంత దూరాన నిలబడి, గొంతు గుర్తుపడతదని నోరు మూసుకుని, చేతులు చాచింది. పిల్ల ఆట అనుకుంది, నవ్వుకుంటా బయలుదేరింది. తల అటు తిప్పుద్ది, ఇటు తిప్పుద్ది. వచ్చింది, వచ్చింది, నాయనమ్మ పక్కనించే పోయింది. పోయి తాడు మీద ఆరేసిన నాయనమ్మ కోకని వాటేసుకుంది. నాయనమ్మా, ఎత్తుకో అని ఆ కోకకి చేతులు చాచింది. ముందు అందరూ నవ్వారు. కోక ఎత్తుకోదు గదా, పిల్ల ఎత్తుకో ఎత్తుకో అని ఏడుపు మొదలుపెట్టేసరికి ఒక్కళ్ళూ నవ్వలా. నాగూరమ్మ ఒక్క అంగలో పోయి గుడ్డ పీకేసి, బిడ్డని గుండెకి అదుముకుని బావురుమనింది. నేనీడుంటే కనపళ్ళేదా నా తల్లికి, ఈ కన్నుని పట్టుకునా నేను ఊరేగింది అని ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, కోడలి వైపు తిరిగి, పెద్దూరి బస్సు ఎన్నింటికే అనింది.

డాక్టరమ్మ కన్ను మీద అంటించే పట్టీలు ఇచ్చింది. ఇవ్వటం తేలికే, అంటించుకునేది ఎవురు? ఇటు అంటిస్తే అటు పీకేది. పీకి ఒకటి మేక నుదుటిన అంటించింది. ఇంకొకటి గోడ మీద తాత ఫొటోకి, సరిగ్గా కంటి మీదనే అంటించింది. యశోద బతిమాలింది, కసిరింది, జాలయ్య జంతికలు కొనిపెట్టాడు. జంతికలు తినేది, పట్టీ పీకేది. చూసి చూసి నాగూరమ్మ ఏం చేసిందంటే, ఒక పట్టీ తీసి తన ఎడమకంటికే అంటించుకుని రొయ్యలు ఆరేసిన కళ్ళంలోకి పోయి కూర్చుంది. పిల్ల చూసింది. నాయనమ్మకుంటే నాకూ కావాలనింది. చూశారా, పిల్లలకి పెట్టమంటే వద్దు, లేదంటే కావాల. ఆ కళ్ళంలో రొయ్యలేరే ఆడవాళ్ళు ఊరుకుంటారా? మాకూ అన్నారు. డాక్టరమ్మ పట్టీలు పిల్లకే ఉండనీ అని వీళ్ళు గుడ్డముక్కలు కట్టుకుని ఒంటి కళ్ళతో రొయ్యలు ఏరతా, ఒకళ్ళ గంపలో పొయ్యాల్సింది ఇంకొకళ్ళ గంపలో పోసి ఒకటే నవ్వులంట. అప్పుడే రొయ్యల బేరగాడు బండేసుకుని వచ్చాడు. వరసగా కూర్చున్న ఆడవాళ్ళు, అందరికీ ఒక కన్ను మూసి ఉంది. అమ్మో, ఊరంతా కళ్ళకలక అనుకుని దిగకుండానే బండి తిప్పుకుని పోయాడు. నవ్వండి నవ్వండి, జాలయ్య వెంటబడి పోయి వాణ్ణి పట్టుకొచ్చేసరికి తాతలు దిగొచ్చారు.

దగ్గర పనులు ఏమన్నా చేయించండి, పూసలు గుచ్చటమో, గింజలు ఏరటమో అని చెప్పిందంట డాక్టరమ్మ. మన దగ్గర పూసలెందుకు, రొయ్యల కుప్పే ఉండె. రొయ్యల్లో పడ్డ చిన్న పీతపిల్లలు, గవ్వముక్కలు ఏరి పక్కన పెట్టమని నాగూరమ్మ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. మొదట్లో చేతికి ఏదొస్తే అది తీసేది పిల్ల. రొయ్యనే తీసి పారేసేది. పారేసినదాన్ని నాగూరమ్మ మళ్ళీ కుప్పలో వేసేది. పోను పోను గవ్వ తీసింది. పీతపిల్లని తీసింది. తీసిన ప్రతిసారీ నాగూరమ్మ ఊరంతా వినపడేటట్టు నా బంగారమే అనేది. పిలుపులొచ్చినా పోయేది కాదంట, పిల్లకి పనుంది, మీరే ఎదురు రండి అనేది.

కుడికన్నుకి పని వచ్చిందాక ఆగి ఆపరేషన్ చేశారు. కన్ను కొన్నాళ్ళు ఎర్రగా ఉండి సర్దుకుంది. చూపు చక్కగా నిలబడింది. అయినా కనపడతందో లేదో తేలాల గదా, అందరూ డాక్టరమ్మ గదిలో కూర్చున్నారు. డాక్టరమ్మ ఎడమకన్ను మూసి, గోడ మీద బొమ్మ చూపించి, ఇదేంటి పాపా అనింది. పిల్ల పలకలా. ఇది? పలకలా. పిల్ల గోడ వైపు చూస్తే గదా, నాయనమ్మనే చూస్తా ఉంది. చూసి చూసి ఏమనిందంటే, నాయనమ్మా, నీ కమ్మలో రాయి లేదు అనింది. నాగూరమ్మ చెవి తడుముకుంది. నిజంగానే లేదు. పొద్దున బస్సులో రాలిందో, యాడ రాలిందో, పక్కనే కూర్చున్న కొడుకూ కోడలూ కూడా చూడని దాన్ని ఆ కుడికన్ను చూసింది. అయ్యో రాయి అని జాలయ్య బల్ల కిందకి దూరాడు. డాక్టరమ్మ కూడా వంగి వెతకబోయింది. నాగూరమ్మ మాత్రం కదల్లా. వెతకమాకండమ్మా, పోనీ, ఇంకోటి కూడా పోయినా బాధలేదు అని పగలబడి నవ్విందంట, కళ్ళెమ్మట నీళ్ళు కారతా ఉంటే.

పల్లెకొచ్చినాక ఒక పొద్దున పిల్ల సముద్రం చూస్తానంది. నాగూరమ్మ దాని వేలు పట్టుకుని నడిచింది. బంగారయ్య వాళ్ళు పడవ తోస్తన్నారు. వీళ్ళని చూసి ఆగిపోయారు. పిల్లకా మెల్ల లేదు, ఇంక మిగిలింది నాగూరమ్మే గదా. బంగారయ్య ఆ పిల్లని చూశాడు, ఆమెని చూశాడు. నాగూరమ్మే అనింది, ఏం తమ్ముడా, నేను మీ చేపలకి రాలా, నా మనవరాలికి సముద్రం చూపించుకుంటానికి వచ్చా, మీరు పొయ్యేది పోండి అనింది. దడి వైపు కూడా చూడలా. పిల్ల రెండు కళ్ళూ ఇంత చేసుకుని చూస్తా ఉంది. కాసేపటికి వాళ్ళే పడవ తోసుకుని పోయారు.

ఇంకేముంది, ఆ రోజు చేపలు పడ్డయ్యా అని అడుగుతారు. ఎవురూ అడగకుండా ఉండరు, నాకు తెలుసు. పడ్డయ్. మర్నాడు పడలా. ఆ పై రోజు మళ్ళీ పడ్డయ్. సముద్రం ఎవురి మొహం చూసి ఇస్తదమ్మా, మనమే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటా కూర్చుంటాం గానీ. మీ ఇంట్లో ఏ బిడ్డకన్నా చూపు పక్కకి పోతంటే ముందు డాక్టరు దగ్గరికి పోండి, అదృష్టానికేం, అది మన కోసం ఒక్క పూట ఆగలేదా? లెయ్యండి ఇంక, రొయ్యలు ఎండినయ్.